గరిటెకు అంటని చారు

మా నూకలపేట మురుగు కాలువలు బాగుపడాలంటే ఎవరో ఒకరు ఫ్రాన్సు వెళ్లి అక్కడి కాలువలు చూసి రాక తప్పదని తేలినప్పుడు, ఆ బరువు మా మున్సిపల్ కమిషనరు గారు తన భుజాన వేసుకున్నారు. పదకొండు రోజులు అక్కడ ఉన్నారు. ఆ పదకొండు రోజులూ మా కాలువలు ఎప్పటిలాగే ఉన్నాయి, అంటే ఎక్కడి నీళ్లు అక్కడే ఉన్నాయి. నేను ఆ ఆఫీసులోనే పారిశుద్ధ్య విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. నా పేరు వరహాలరావు. కాలువల ఫైలు నా బల్ల మీదే ఉంటుంది.

తిరిగొచ్చిన మర్నాడే కమిషనరు గారు సిబ్బంది అందరినీ హాల్లోకి పిలిచారు. నెత్తిన మూరెడు పొడుగు తెల్లటి టోపీ, చేతిలో చెక్క గరిటె. ఎవరూ నవ్వలేదు. మా ఆఫీసులో నవ్వడానికి ఒక సమయం ఉంది, అది కమిషనరు గారు నవ్విన తరవాత.

"ఫ్రాన్సులో కాలువలన్నీ భూమి లోపల ఉన్నాయి," అని మొదలుపెట్టారు ఆయన. "కంటికి కనపడని దాన్ని అధ్యయనం చెయ్యడం ఎలా? అందువల్ల కనపడిన దాన్ని లోతుగా అధ్యయనం చేశాను. నాకు ఆతిథ్యమిచ్చిన మేయరు గారి వంటిల్లు కనపడింది. ఇప్పుడు ఒక్క ప్రశ్న. మురుగు ఎక్కడ పుడుతుంది?"

"రోడ్డు పక్కనండి," అన్నాడు ఇంజనీరు.

"తప్పు. వంటింటి తూములో పుడుతుంది. వంటిల్లు ఫ్రాన్సు స్థాయికి వెళితే కాలువ తనంతట తనే ఫ్రాన్సు స్థాయికి వెళుతుంది. మూలాల్లోకి వెళ్లాలండీ, మూలాల్లోకి!"

అందరం చప్పట్లు కొట్టాం. అప్పుడాయన గరిటె పైకెత్తారు. ఫ్రెంచివాళ్లు వెన్నలో మైదా వేయించి, పాలు పోసి, తెల్లగా చిక్కగా ఒకటి కాస్తారట. దాన్ని సాసు అంటారు. అది కుదిరిందో లేదో తెలుసుకోవడానికి అందులో గరిటె ముంచి తీసి, గరిటె వెనక వేలితో ఒక గీత గీస్తారు. గీత నిలబడితే వంట కుదిరినట్టు. రెండు పక్కల నుంచీ కారి గీత చెరిగిపోతే కుదరనట్టు.

"ఎంత శాస్త్రీయమో చూడండి! మన వంటిళ్లలో తరతరాలుగా ఒక్క ప్రమాణమైనా ఉందా? ఎవరిని అడిగినా 'కాస్త' అంటారు, 'చిటికెడు' అంటారు, 'తగినంత' అంటారు. తగినంత అంటే ఎంత? చెప్పండి, ఎవరైనా చెప్పండి!"

ఎవరూ చెప్పలేకపోయాం. ఆ విధంగా మా ఊళ్లో 'ఫ్రెంచి వంటిల్లు' పథకం మొదలైంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉత్తర్వు చిత్తుప్రతి రాసింది నేను. కమిషనరు గారు నాతో అన్నది ఇంతే: "సాసులు గరిటె పరీక్షలో నెగ్గాలని రాయండి." అంతే రాసి ఊరుకుంటే ఊరంతా సుఖంగా ఉండేది. కానీ ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు ఊరుకోనిస్తుందా? ఉత్తర్వులో సందు కనపడితే జనం దూరిపోతారన్నది నాకు మొదటి సెక్షను హెడ్డు నేర్పిన పాఠం. అందుకని ఇలా రాశాను: 'సాసులు మరియు, పేరు ఏదైనప్పటికీ, పురపాలక పరిధిలో వండబడు, కాచబడు లేక నిల్వ చేయబడు, తినునట్టివి గాని త్రాగునట్టివి గాని అయిన సమస్త ద్రవ పదార్థములు గరిటె పరీక్షయందు ఉత్తీర్ణము కావలెను.' రాసి చదువుకుంటే నాకే ముచ్చటేసింది. కమిషనరు గారు 'సమస్త' కింద ఎర్ర గీత గీసి, పక్కన 'భేష్' అని రాశారు.

మిగతా నిబంధనలు చిన్నవి. వంట చేసేవాళ్లు పొడుగు టోపీ పెట్టుకోవాలి. రాగి గిన్నెలు గోడకి కొక్కేలకు వేలాడాలి. పదార్థాలన్నీ ఒక్కసారి వడ్డించకూడదు, ఒకటి తిన్నాక ఒకటి రావాలి. ప్రతి ఇంట్లోనూ రోజూ ఉదయం తొమ్మిదింటికల్లా అర లీటరు తెల్ల సాసు కాచి తనిఖీకి సిద్ధంగా ఉంచాలి. తనిఖీలో మొదటిసారి ఫెయిలైతే తలుపుకి పసుపు నోటీసు, రెండోసారి ఫెయిలైతే ఎర్ర నోటీసు, మూడోసారి కుళాయికి సీలు.

తనిఖీకి గంగరాజుని వేసి, అతనికీ ఒక పొడుగు టోపీ ఇచ్చారు. గంగరాజు అంతకుముందు దోమల విభాగంలో చేసేవాడు. గుంటల్లో, తొట్లలో గరిటె ముంచి దోమ పిల్లలు ఉన్నాయేమో చూడటం అతని పని. గరిటె ముంచడంలో పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్నవాడు మున్సిపాలిటీలో అతనొక్కడే.

సోమవారం పదింటికి అతను మొట్టమొదట వచ్చింది మా ఇంటికే. తలుపు దగ్గర చెప్పులు విడిచి, టోపీ గుమ్మానికి తగలకుండా వంగి లోపలికొచ్చాడు.

"తప్పదండి వరహాలరావుగారూ. మీ ఇంటితోనే మొదలెట్టమన్నారండి. సొంత స్టాఫు ఇల్లయితే జనానికి మాదిరిగా ఉంటదంటండి."

"రావయ్యా, మా ఇంట్లో భయపడాల్సిందేం లేదు," అన్నాను నేను ధీమాగా.

నా భార్య విశాలాక్షి టోపీ పెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆమె మొహం చూసి నేను ఆ టోపీ గురించి ఏమీ అనలేదు. గంగరాజు ముందు తెల్ల సాసులో గరిటె ముంచి గీత గీశాడు. నిలిచింది. ముద్దపప్పులో ముంచాడు. గీత మాట అటుంచి గరిటే నిలువునా నిలబడింది. "ఫస్టు క్లాసండి," అని రాసుకున్నాడు. తరవాత సత్తు గిన్నె మూత తీశాడు.

ఆ గిన్నె గురించి చెప్పాలి. అందులో చారు ఉంటుంది. మా అమ్మ తాయారమ్మకి ఎనభై రెండేళ్లు. పళ్లన్నీ ఊడి ఆరేళ్లయింది. అప్పటి నుంచీ ఆవిడ రోజుకి ఒక్కపూట, పదకొండు గంటలకి, మెత్తగా పిసికిన అన్నంలో చారు పోయించుకుని తింటుంది. పెరుగు పడదు, దగ్గొస్తుంది. పప్పు అరగదు. చారన్నం ఒక్కటే ఆవిడ భోజనం. విశాలాక్షి ఆ చారు ఎంత పలచగా కాస్తుందంటే, గిన్నె అడుగున మా అమ్మ పేరు చెక్కి ఉంటుంది, అది పైనుంచి చదవొచ్చు.

గంగరాజు గరిటె ముంచి తీశాడు. వెనక్కి తిప్పాడు. గీత గీయడానికి గరిటె మీద ఏమీ లేదు. ఒక కొత్తిమీర ఆకు మాత్రం ఉంది.

"ఫెయిలండి."

"ఏవిటీ, చారా?" అంది విశాలాక్షి. "చారు గరిటెకి అంటుకుంటే దాన్ని చారంటారా అయ్యా ఎవరైనా?"

"నేననట్లేదండమ్మగారూ. రూలంటందండి. ఇదిగోండి, సమస్త ద్రవ పదార్థములు, తినునట్టివి గాని త్రాగునట్టివి గాని."

ఆమె కాగితం తీసుకుని మొదటి నుంచీ చదివింది. 'పేరు ఏదైనప్పటికీ' దగ్గర ఆగింది. పచారీ సామాన్ల చీటీలో కూడా 'వగైరా' అని రాసే మనిషితో ఇరవై ఆరేళ్లుగా కాపురం చేస్తోంది. ఆమెకి ఎవరి చేతి రాతో చెప్పనక్కర్లేదు. తలెత్తి నా వంక చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

గంగరాజు గిన్నెకి మూతపెట్టి, గుడ్డ కట్టి, లక్క కరిగించి సీలు వేశాడు. రసీదు రాసిచ్చాడు: 'సత్తు గిన్నె ఒకటి, అందు చారు, వేడిది.' తలుపుకి పసుపు నోటీసు అతికించి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

వసారాలోంచి మా అమ్మ గొంతు వినపడింది. "అమ్మాయ్, పదకొండయిందే!"

ఆ రోజు విశాలాక్షి మళ్లీ చారు పెట్టి, గరిటెకి అంటాలని బియ్యప్పిండి కలిపింది. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఒరేయ్, గోడలకి సినిమా బొమ్మలు అంటించే పిండి కదరా ఇది?"

"ఫ్రాన్సులో ఇలాగే తింటారమ్మా."

"వాళ్లకి పళ్లున్నాయా?"

"ఉన్నాయమ్మా."

"పళ్లుండి ఇది తింటున్నారా, పాపం!" అని కంచం పక్కకి జరిపి లేచింది. ఆ పూట రెండు అరటిపళ్లు తింది. మర్నాడు ఒకటిన్నర.

మూడో రోజు అమ్మ అడగనే లేదు. పదకొండింటికి వచ్చి పీట మీద కూర్చుంది, ఖాళీ కంచం వంక కాసేపు చూసి, లేచి వెళ్లి పడుకుంది. నాకు సిగ్గేసింది. నేను రాసిన వాక్యం మా అమ్మ కంచంలోకి వచ్చి కూర్చుంటుందని నేను అనుకోలేదు.

"తలుపేసుకుని కాచిపెడితే?" అన్నాను విశాలాక్షితో మెల్లిగా.

"తలుపేస్తే ఇంగువ పోపు ఆగుతుందేవిటండీ? వీధి చివరిదాకా వెళుతుంది. మీ గంగరాజు సరిగ్గా పదకొండింటికి ఈ వీధిలోనే తిరుగుతున్నాడు. మూడోసారికి కుళాయి కట్టేస్తే అత్తయ్యగారికి తాగడానికి నీళ్లు కూడా ఉండవు. ఇదంతా నన్ను కాదు, ఆ 'సమస్త'ని అడగండి."

నేను మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకున్నాను. దానికి డాక్టరు గారి సర్టిఫికెట్టు జతచేశాను: 'ఈమెకు దంతములు లేవు. నమలజాలదు.' కమిషనరు గారు రెండూ శ్రద్ధగా చదివి, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకున్నారు.

"మీ అమ్మగారంటే నాకు అపారమైన గౌరవం వరహాలరావు గారూ. అందుకే ఈ విషయం నేనొక్కణ్ణే తేల్చను. త్రిసభ్య కమిటీ వేస్తున్నాను."

కమిటీ అదే రోజు కూర్చుంది. మా మున్సిపాలిటీలో కమిటీ కూర్చుందంటే కాఫీలు మూడుసార్లు తిరగాలి, సాయంత్రం దాకా సాగాలి. కానీ మొదటి కాఫీ రాగానే గంగరాజు అందులో గరిటె ముంచాడు. ఫెయిలు. కాఫీ వెనక్కి వెళ్లిపోయింది. దాంతో మీటింగు పన్నెండు నిమిషాల్లో ముగిసింది. నిర్ణయం నా చేతికిచ్చారు: 'నమలనవసరము లేని పదార్థము సాసు అయి ఉన్నందున, దరఖాస్తుదారు తల్లిగారు సాసు సేవించవచ్చును. మినహాయింపు అవసరము కనపడుటలేదు.'

ఆ వారంలో పథకం ఊరంతా పాకింది. పాలు ఫెయిలయ్యాయి. పాలవాళ్లు నీళ్లు కలపడం మానేసి చూశారు, అయినా ఫెయిలయ్యాయి. ఊరివాళ్లు చిక్కటి పాలు తాగింది ఆ నాలుగు రోజులే. మజ్జిగ ఫెయిలైంది. కొబ్బరి బోండాల అతను నిండు బోండాన్ని గంగరాజు ముందు పెట్టి, "దీన్ని ఎవడు కాశాడు బాబూ, ఎవడు వండాడు?" అని వాదించాడు. కాయలో నిల్వ చేయబడినది కాబట్టి నిబంధన వర్తిస్తుందని గంగరాజు ఉత్తర్వు చూపించాడు. 'నిల్వ చేయబడు' కూడా నేను రాసిందే.

చివరికి ఒకరోజు గంగరాజు నీటి ట్యాంకు దగ్గర, నా ఎదురుగానే, కుళాయి నీళ్లలో గరిటె ముంచాడు. గీత గీశాడు. గరిటె మీద ఏమీ నిలవలేదు.

"వరహాలరావుగారండి, త్రాగునట్టివి అంటే నీళ్లు కూడా వస్తాయాండి?"

"వస్తాయి," అన్నాను. ఇంకేమంటాను?

మున్సిపాలిటీ మీద మున్సిపాలిటీ పసుపు నోటీసు జారీ చేసింది. కమిషనరు గారు నోటీసు ఇచ్చిన అధికారి హోదాలో సంతకం పెట్టి, అందుకున్న అధికారి హోదాలో ఇంకో సంతకం పెట్టారు. నీళ్లు చిక్కబరచడానికి పదిహేను రోజుల గడువు కోరుతూ తనకు తానే ఉత్తరం రాసుకుని, బాగా ఆలోచించి, పది రోజులు మంజూరు చేశారు. "నిబంధన ముందు నేనైనా ఒకటే," అన్నారు నాతో. ఆయన కళ్లలో నిజాయితీ కనపడింది. ఆయన దొంగ కాదు, అదే మా దురదృష్టం. దొంగ అయితే ఏదో ఒక దారి ఉండేది.

ఈలోగా తెల్ల సాసు సంగతి మొదలైంది. ఊళ్లో నాలుగు వేల ఇళ్లు. ఇంటికి అర లీటరు. పదకొండింటికి తనిఖీ వేళ దాటగానే దాన్ని ఏం చెయ్యాలో ఉత్తర్వులో లేదు. తిందామంటే పిల్లలు కూడా ముట్టుకోలేదు. గేదె వాసన చూసి మొహం తిప్పుకుంది. అందువల్ల నాలుగు వేల ఇళ్ల తెల్ల సాసు రోజూ ఉదయం పదకొండూ పదికి నాలుగు వేల తూముల్లోంచి కాలువల్లోకి దిగేది. వెన్న దొరకనివాళ్లు డాల్డా వాడేవారు. అది ఇంకా గట్టిగా దిగేది.

మూడో వారానికి మూడో వార్డు కాలువ ఆగింది. నాలుగో వారానికి ఊరి కాలువలన్నీ పేరుకుపోయాయి. పైన తెల్లగా మీగడ కట్టి చూడ్డానికి శుభ్రంగా ఉండేవి కానీ, దగ్గరికి వెళితే ముక్కు మూసుకోవాల్సొచ్చేది. ఫిర్యాదులన్నీ నా బల్ల మీదికే వచ్చాయి. సరిగ్గా అప్పుడే పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: 'ఫ్రాన్సు మురుగు కాలువల అధ్యయన పర్యటన నివేదిక ఇంతవరకు అందలేదు. ప్రాంతీయ సంచాలకులు స్వయముగా వచ్చి ఫలితములను పరిశీలించెదరు.' వచ్చేది గురువారం.

గురువారం ఉదయం మా వంటింటి తూము కూడా ఆగిపోయింది. నీళ్లు గచ్చు మీదికి ఎక్కాయి. నెల రోజులుగా అరటిపళ్లతోనే నెట్టుకొస్తున్న అమ్మ అప్పటికి బాగా నీరసించింది, మంచం మీద నుంచి లేవడానికి నా చెయ్యి పట్టుకుంటోంది. విశాలాక్షి పొయ్యి మీద గిన్నెలో చింతపండు నీళ్లు మరుగుతున్నాయి. పోపు పెడితే వాసన వస్తుందని, పోపు లేకుండా, మిరియాలు జీలకర్ర మాత్రం వేసి, ఉత్త చారైనా అత్తగారికి ఒక గుక్క తాగిద్దామని పెట్టింది. ఇంతలో వీధిలో గంగరాజు తనిఖీ ఈల వినపడింది.

"వచ్చాడండీ!" అని ఆమె కంగారుపడి, కోపమూ ఏడుపూ కలిసిపోయి, గిన్నెడు మరిగే నీళ్లూ తూములో కుమ్మరించేసింది. గిన్నె పక్కన పడేసి కొంగుతో మొహం కప్పుకుంది.

తూము గుటకేసింది. ఇంకోసారి గుటకేసింది. తరవాత గచ్చు మీది నీళ్లన్నీ గిర్రున తిరిగి లోపలికి వెళ్లిపోయాయి. మేమిద్దరం వంగి చూశాం. తూము లోపల అడ్డంగా బిగించిన ఇత్తడి బద్ద మెరుస్తోంది.

"చింతపండుతో బిందెలు తోమడం లేదేవిటండీ?" అంది విశాలాక్షి కళ్లు తుడుచుకుంటూ. "వేడి నీళ్లు, పులుపు పడితే జిడ్డు వదలదూ?"

నేను వెంటనే ఆఫీసుకి బయల్దేరాను. ఇరవై ఎనిమిదేళ్లలో నా కాళ్లు అంత వేగంగా ఆఫీసుకి వెళ్లిన రోజు ఇంకొకటి లేదు.

సంచాలకులు గారు పదిన్నరకి వచ్చారు. కమిషనరు గారు ఆయన్ని ప్రధాన కాలువ దగ్గరికి తీసుకెళ్లారు. వెనక ఇంజనీరు, నేను, టోపీతో గంగరాజు. సంచాలకులు గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కదలని ఆ తెల్లటి ముద్దని చాలాసేపు చూశారు.

"పదకొండు రోజులు ఫ్రాన్సులో ఉండి మీరు నేర్చుకొచ్చింది ఇదేనా?"

కమిషనరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంతలో గంగరాజు, ఎవరూ చెప్పకుండానే, వంగి కాలువలో గరిటె ముంచాడు. దోమల రోజుల అలవాటో, నెల రోజుల అలవాటో నాకు తెలీదు. గరిటె తీసి, వెనక్కి తిప్పి, వేలితో గీత గీశాడు. గీత నిలబడింది. గరిటెని అటూ ఇటూ వంచాడు. చెక్కుచెదరలేదు.

"నెగ్గిందండి!" అని కేక పెట్టాడు గంగరాజు. పాపం, ముద్దపప్పు తరవాత అతను అంత స్పష్టంగా నెగ్గినదాన్ని చూడలేదు.

కమిషనరు గారికి ప్రాణం లేచొచ్చింది. "సర్! నేను మొదటి రోజే చెప్పాను. వంటిల్లు ఆ స్థాయికి వెళితే కాలువ కూడా ఆ స్థాయికి వెళుతుందని! ఫ్రెంచి ప్రమాణాన్ని అందుకున్న కాలువ సర్ ఇది. ఇంకే మున్సిపాలిటీలోనైనా ఇలాంటిది ఉందేమో కనుక్కోండి!"

సంచాలకులు గారు గరిటెని చూశారు, కాలువని చూశారు. ఆ ఫ్రాన్సు ప్రయాణానికి అనుమతి ఇచ్చిన సంతకం ఆయనదే. కాస్త ఆలోచించి తనిఖీ పుస్తకం తెప్పించుకుని రాశారు: 'అధ్యయన పర్యటన ఫలితములు క్షేత్రస్థాయిలో స్పష్టముగా కనపడుచున్నవి. అభినందనీయము.' పుస్తకం మూసి, కమిషనరు గారి చెవిలో మాత్రం, "శనివారానికల్లా ఇది పారకపోతే నిన్నే ఇందులోకి దింపుతాను," అన్నారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది.

కారు వెళ్లిపోగానే కమిషనరు గారు కాలువ గట్టు మీద చతికిలబడ్డారు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఇప్పుడెలాగండీ వరహాలరావు గారూ?"

నా జేబులో నోటు సిద్ధంగా ఉంది. ఆఫీసుకి రాగానే రాసుకున్నాను. ఆయనకి చదివి వినిపించాను.

'విషయము: కాలువల శుద్ధి. తింత్రిణీ శోధక ద్రవము తయారీ గురించి. చింతపండు గుజ్జు నీటిలో మరిగించవలెను. జిడ్డు విరుచుటకు మిరియాలు, జీలకర్ర, ఉప్పు చేర్చవలెను. దుర్గంధ నివారణార్థము ఇంగువతో పోపు పెట్టవలెను. పర్యావరణ హితము దృష్ట్యా కొత్తిమీర, కరివేపాకు వేయవలెను. ప్రతి గృహమునందును ఉదయము పదకొండు గంటలకు ఒక గరిటెడు ద్రవము తూమునందు పోయవలెను. మిగిలినది గృహస్థుల విచక్షణ మేరకు వినియోగించుకొనవచ్చును.'

ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. మొహం అనుమానంగా పెట్టారు.

"ఇది చారు కదండీ?"

"కాదండి. చారు తినునట్టిది. ఇది తూములో పోయునట్టిది. మన ఉత్తర్వు తినునట్టివాటికీ త్రాగునట్టివాటికీ మాత్రమే వర్తిస్తుందండి. పోయునట్టివి అందులో లేవు."

ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నేను వదిలిన ఒకే ఒక్క సందు అది. దాన్ని నేను కావాలని వదల్లేదు, కానీ ఆ మాట ఆయనకి చెప్పలేదు.

"అంటే పథకం రద్దు కాదు?"

"ఎందుకు రద్దవుతుందండీ? పథకం పథకమే. ఇది రెండో దశ."

'రెండో దశ' అన్న మాటతో ఆయన మొహం విచ్చుకుంది. అక్కడే, గట్టు మీదే సంతకం పెట్టారు. నా తరఫున ఒక్క విన్నపం చేశాను, ఆ ద్రవం తయారీకి సత్తు పాత్ర శ్రేష్ఠమని, సాక్ష్యంగా సీలు వేసిన గిన్నె ఒకటి స్టోర్లో ఉందని. దానికీ సంతకం పెట్టారు.

శుక్రవారం పదింటికి నాలుగు వేల ఇళ్లలో చింతపండు మరిగింది. పదిన్నరకి ఇంగువ పోపు పడింది. ఊరంతా ఆ వాసనే. జనం నెల రోజుల తరవాత వీధుల్లోకి వచ్చి నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. పదకొండింటికి గరిటెలు తూముల్లోకి దిగాయి, సాయంత్రానికి మూడో వార్డు కాలువలో కదలిక వచ్చింది, మర్నాటికి ప్రధాన కాలువ పారింది.

శుక్రవారం పదకొండింటికి గంగరాజు మా ఇంట్లోనే ఉన్నాడు. కొత్త ఉత్తర్వు ప్రకారం ద్రవాన్ని పరీక్షించాలి. గరిటె అదే. కానీ శోధక ద్రవం గరిటెకి అంటుకుంటే తూముకి కూడా అంటుకుంటుంది కాబట్టి ఇక్కడ గీత నిలబడకూడదు. ఆ నిబంధన కూడా నేనే రాశాను. అతను సత్తు గిన్నెలో గరిటె ముంచి తీశాడు. గీయడానికి ఏమీ లేదు. కొత్తిమీర ఆకు ఒకటి ఉంది.

"ఫస్టు క్లాసండమ్మగారూ!" అన్నాడు. అదే గిన్నె, అదే చారు, అదే మనిషి.

విశాలాక్షి టోపీ పెట్టుకునే ఉంది, పథకం రద్దు కాలేదు కాబట్టి. ఒక గరిటెడు తూములో పోసింది. గంగరాజు టిక్కు పెట్టుకున్నాడు. కానీ వెళ్లలేదు. గుమ్మం దగ్గర నిలబడి తల గోక్కున్నాడు.

"అమ్మగారూ, మా ఇంట్లో ఆవిడ పుట్టింటికెళ్లిందండి. మా తూముకి కాస్త... ఒక గ్లాసుడు ఉంటే ఇప్పిస్తారాండి?"

"తూముకా, అన్నంలోకా?" అంది విశాలాక్షి.

"విచక్షణ మేరకండి," అన్నాడు గంగరాజు.

నేను అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాను. విశాలాక్షి అన్నం మెత్తగా పిసికి, మధ్యలో గుంట చేసి, చారు పోసింది. అమ్మ కంచం దగ్గరికి వంగి ముందు వాసన చూసింది. ఒక ముద్ద తింది. రెండో ముద్ద తింది. ఆ బోసినోరు హాయిగా కదిలింది. ఇరవై ఎనిమిదేళ్లుగా కాగితాల మీద ఎంత రాశానో లెక్కలేదు. వాటిలో ఒక మనిషి ఆకలి తీర్చింది ఆ ఒక్క నోటే.

మూడో ముద్ద దగ్గర అమ్మ ఆగింది. తూము వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఒరేయ్, ముందు దానికి పోసి తరవాత నాకు పోస్తోందేవిట్రా మీ ఆవిడ?"

"గవర్నమెంటు ఆర్డరమ్మా. ముందు తూముకి పోస్తేనే నీకు వస్తుంది."

అమ్మ కంచం ముందుకి జరిపింది.

"అయితే అమ్మాయ్, దానికి ఇంకో గరిటె పొయ్యి. నాకు మారు కావాలి."